ఇరుసు దొర

లెస్టర్‌లో మేం అద్దెకు దిగిన ఇంటిని ఆనుకునే ఆయన ఇల్లు. ఆయనకీ అమ్మానాన్నా పెట్టిన పేరుంది గానీ మా ఇంట్లో అందరికీ ఇరుసు దొరే. పదకొండేళ్లుగా గ్యారేజీలో కారు కడుతున్నాడు. కొనడం కాదు, బాగు చేయించడం కాదు, అచ్చంగా కట్టడమే. ఇంగ్లండులో వీళ్లదో తెగ. శనివారం పొద్దున్నే గ్రైండర్ చప్పుడు ఎటునుంచి వస్తే అటు నడవండి, ఒకడు దొరుకుతాడు.

ఈ తెగకి మూలపురుషుడు లోటస్ కంపెనీ పెట్టిన కొలిన్ చాప్‌మన్. 1957లో లోటస్ సెవెన్ అనే రెండు సీట్ల బుల్లి కారు తెచ్చాడు. తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా తెచ్చుకుని ఇంట్లో బిగించుకుంటే తప్పేది. బిగించే పద్ధతి రాసిస్తే పన్నువాళ్లు ఒప్పుకోరని విప్పే పద్ధతి రాసిచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకున్నారనీ కథగా చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. జబ్బు మాత్రం తగ్గలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని ఏకంగా పుస్తకమే రాశాడు. మా దొర అది చదివాడు. ఆ 250 పౌండ్లు మొదటి వారంలోనే హారతి కర్పూరమయ్యాయని దొరసాని చెబుతుంది. తరవాతి లెక్కలు ఆవిడ దాకా రాలేదు.

పుస్తకం ప్రకారం వెనక ఇరుసు పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ నుంచి పీక్కోవాలి. అప్పట్లో ఆ కార్లు తుక్కు కింద లెక్క. తరవాత పాత కార్ల ర్యాలీలవాళ్లు ఎగబడి వాటిని బంగారం చేసేశారు. మనవాడికి కాప్రీ ఇరుసు చవగ్గా తగిలింది. అదీ ఫోర్డే, ఇదీ ఫోర్డే, చక్రం బోల్టులు కూడా ఒకే కొలత. కాకపోతే కాప్రీది వెడల్పు. బిగించి చూస్తే వెనక చక్రాలు ముందు వాటికంటే అటో అంగుళం, ఇటో అంగుళం బయటికొచ్చాయి.

మీరూ నేనూ అయితే నాలుగు తిట్లు తిట్టుకుని బండి తోలేవాళ్లం. ఇరుసు దొరకి మాత్రం ఆ అంగుళమే జీవితాశయమైంది.

“ముందు చక్రాలకి స్పేసర్లు వేస్తే పోదా?” అన్నాన్నేను ఓసారి. స్పేసర్ అంటే హబ్బుకీ చక్రానికీ మధ్య పెట్టే దిమ్మ. ఆవకాయలో పాలు పోయమన్నట్టు చూశాడు నా వంక. చక్రం అలా బయటికి జరిగితే గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగు చేతిలో కొట్టుకుంటుందట, బేరింగుల మీద భారం పెరుగుతుందట. “పోనీ, ఇరుసునే కోయించి పొట్టి చేయించండి” అన్నాను. గొట్టం కోసి మళ్లీ అతికించాలి, లోపలి షాఫ్టులు కుదించి పళ్లు మళ్లీ కోయించాలి, అంత డబ్బు దండగ అన్నాడు. డబ్బు సంగతి ఆయన నోట వినడం నాకదే మొదలు.

ఆఖరికి ముందు సస్పెన్షనే వెడల్పు చేయాలని తేల్చాడు. కోడి మెడ దగ్గరి చీలిక ఎముకలా ఉండే ఇనప చేతులుంటాయి, విష్‌బోన్లంటారు. వాటిని 13 అంగుళాల నుంచి 14కి పెంచాలి. ఒక్క అంగుళమే కదా అనుకున్నాను. ఆదివారం టీ కప్పుతో కూర్చోబెట్టి కళ్లు తెరిపించాడు. చెయ్యి పొడుగైతే స్టీరింగు కడ్డీ చాలదు, దానికో అతుకు. బ్రేకు గొట్టం చాలదు, కొత్తది. షాక్ అబ్జార్బర్‌ని ఉన్నచోటే ఉంచితే చక్రానికి మీటపట్టు పెరిగి స్ప్రింగు మెత్తబడుతుంది. ఎంతంటే, పదమూడుని పద్నాలుగుతో భాగించి వర్గం చేయాలి. అట్టపెట్టె మీద పెన్సిలుతో చేసి చూపించాడు: సుమారు 14 శాతం. కాబట్టి స్ప్రింగులూ కొత్తవే. ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో పెళ్లి పనులు వర్ణించే ఆడపిల్ల తండ్రికుండే దిగులూ గర్వమూ రెండూ కనిపించాయి.

కొలతల రోజున నేనే కూలీని. మన మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం గుండు లాంటిదే ఆయన దగ్గరా ఉంది. దాన్ని ఒక్కో టైరు నడిమి నుంచి వేలాడదీసి నేలమీద సుద్దతో చుక్క పెట్టాడు. టేపు ఒక కొస నా చేతిలో, రెండోది ఆయన చేతిలో, నడుమ కారు కింద పాక్కుంటూ ఇద్దరం. మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలొచ్చాయి. తప్పు నాది కాదు, టేపు కొసనున్న కొక్కెం వదులుగా ఆడుతోందన్నాను. అలా ఆడాలనే చేశారట. కొక్కేన్ని తగిలించి లాగినా, ఆనించి నొక్కినా కొలత తేడా రాకుండా దాని మందమంతే జరుగుతుందట. నలభై ఏళ్లొచ్చాయి, టేపు పట్టుకోవడం ఆ రోజు నేర్చుకున్నాను.

ఇంతకీ ముందూ వెనకా సమానంగా ఉండి తీరాలా? అక్కర్లేదు. సిట్రోయెన్ డీఎస్ అనే ఫ్రెంచి కారుకి ముందు చక్రాల ఎడం 1500 మిల్లీమీటర్లు, వెనక 1300. రోడ్డు మీద దాని నిలకడకి ఇప్పటికీ జనం దండం పెడతారు. అంతదూరం ఎందుకు, ఇంగ్లండు వాళ్లదే రిలయంట్ రాబిన్‌కి ముందున్నది ఒకే చక్రం, అంటే ఎడం సున్నా. ఈ మాటే ఆయనతో అన్నాను. మా తాతగారి రెండెడ్ల బండి సంగతీ చెప్పాను: ఒకటే ఇరుసు, ముందు ఎద్దులు, ఎద్దుల ఎడం ఇరుసుకి సరిపోయిందా అని ఊళ్లో ఎవరూ టేపు పట్టలేదు. దొర శ్రద్ధగా విని, “ఆ ఇరుసు వెడల్పెంత?” అని అడిగాడు.

నాకప్పుడు అర్థమైంది. ఆయనకి కావలసింది కారు కాదు. కారు పూర్తయితే ఐ.వి.ఏ. అనే సర్కారు పరీక్షకి పెట్టాలి, పాసైతే నంబరు ప్లేటు వస్తుంది, ఆ పైన వానలో టాపు లేని బండిలో తిరగాలి. గ్యారేజీలో హీటరుంది, రేడియో ఉంది, తీరని అంగుళం ఉంది. దొరసాని అక్కడికి రాదు.

కిందటి నెలలో 14 అంగుళాల విష్‌బోన్లు బిగించేశాడు. ముందూ వెనకా సుద్ద చుక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ఆ వారమంతా మనిషి దిగాలుగా తిరిగాడు. అప్పుడు దొరసాని పుట్టినరోజు కానుకగా ఒకే రకం చక్రాలు నాలుగు కొనిచ్చింది. అంతవరకూ వెనక కాప్రీ చక్రాలు, ముందు కోర్టినా అనే ఇంకో ఫోర్డ్ కారువి, ఇంట్లో ఉన్నవి తగిలించి కొలిచాం. నాలుగూ ఒకే రకం వేసేసరికి బయటపడింది: ఆ అంగుళంలో సగమే ఇరుసుది, మిగతా సగం చక్రాలది. ఇప్పుడు ముందు చక్రాలే అటో అరంగుళం, ఇటో అరంగుళం బయటికున్నాయి. దొర ముఖం మళ్లీ వెలిగింది.

ప్రస్తుతం కాప్రీ దానికంటే కొంచెం వెడల్పైన ఇరుసు కోసం వాకబు చేస్తున్నాడు. మీ ఎరికలో ఎక్కడైనా ఉంటే, దయచేసి ఆయనకి చెప్పకండి.