నలభయ్యో గడి

నాకు పోర్ట్‌బ్లెయిర్‌కు బదిలీ అయిందని తెలిసిన రోజు ఇంట్లో సంబరపడ్డవాడు మా ఇద్దరు పిల్లల్లో చిన్నోడొక్కడే. అట్లాసు తెచ్చి వేలు పెట్టి చూపించాడు. "డాడీ, ఇక్కడ కార్ నికోబార్ అని ఒక దీవి ఉంది. దీవి పేరులోనే కారు ఉంటే మన కారు తీసుకెళ్ళొద్దని ఎవరంటారు?"

ఎవరూ అనలేదు. పైగా రూళ్ళు కూడా వాడి పక్షమే. నాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఏడో వేతన సంఘం లెక్కల్లో లెవెల్ 6, ఆపైవాళ్ళు బదిలీ మీద ఒక కారు తీసుకెళ్ళొచ్చు. మామూలు బదిలీకి మూలవేతనంలో 80 శాతం గ్రాంటుగా ఇస్తే, అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవులకు వెళ్ళేవాళ్ళకు నూటికి నూరు శాతం ఇస్తారు. కుటుంబానికి ప్రయాణ ఖర్చులు కూడా వస్తాయి. కుటుంబమంటే భార్య, పిల్లలు, నా మీద ఆధారపడిన తల్లిదండ్రులు. ఆధారపడడానికి కూడా కొలత ఉంది. నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం. ఆదాయం ఆ గీత దాటితే ఆధారపడనట్టే. బాపు పెన్షన్ ఆ గీత ఎప్పుడో దాటేసింది.

"రూల్ ప్రకారం నువ్వు నా మీద ఆధారపడినోడివి గాదు బాపూ" అన్నాను, ఫారం నింపుతూ, నవ్వుతూ.

బాపు కూడా నవ్వాడు. "మంచి ముచ్చటే గదరా" అన్నాడు.

మా హైదరాబాదు కంచన్‌బాగ్‌లో పెరిగినవాళ్ళకు ఒక అలవాటుంటుంది. మీ నాన్న ఏం చేస్తాడని ఒకళ్ళనొకళ్ళు అడగరు. 1962లో డీఆర్‌డీఎల్, మరుసటి ఏడు డీఎంఆర్‌ఎల్, 1970లో బీడీఎల్, 1973లో మిధాని. ఒకదాని వెనక ఒకటి ఈ రక్షణ సంస్థలన్నీ ఇక్కడికి వచ్చి చేరాయి. పొద్దున్నే నాన్నలందరూ టిఫిన్ డబ్బా పట్టుకుని ఏదో ఒక గేటులోంచి లోపలికి పోయేవాళ్ళు, సాయంత్రం ఖాళీ డబ్బాతో బయటికొచ్చేవాళ్ళు. మధ్యలో ఏం జరిగేదో డబ్బాకే తెలియాలి. మా అమ్మ పోయేదాకా ఆమెకు తెలిసింది ఒక్కటే: "మీ బాపు సామాన్లు పెట్టెలల్ల కట్టి పంపుతడు."

"ఏం సామాన్లు?" అని అడిగితే, "సామాన్లంటే సామాన్లే" అనేవాడు బాపు.

కారు దీవికి వెళ్తుందనగానే డెబ్బై ఏళ్ళ బాపులో ముప్పై ఏళ్ళవాడు లేచి నిలబడ్డాడు. "దీవికి సామాను పంపుడు నాకు కొత్తనా?" అన్నాడు. ఒడిశా తీరాన వీలర్ దీవి ఉంది. 2015లో దానికి అబ్దుల్ కలాం పేరు పెట్టారు. వంతెన లేదు. క్షిపణి ప్రయోగానికి కావలసిన ప్రతి బోల్టూ సముద్రం మీదే దాటాలి. తన ఉద్యోగం గురించి ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి వాక్యం అదే.

"నువ్వు పంపినవి ఎప్పుడన్న తిరిగొచ్చినయా బాపూ?" అన్నాను.

"చేరుడే తెల్సు వాటికి, వాపస్ వచ్చుడు తెల్వదు. చెక్కుచెదరకుండ దిగాలెనని పంపేది నా జిందగీల ఇదే మొదటిది" అని పడీపడీ నవ్వాడు.

ఆ రాత్రే పాత లెక్కల పుస్తకం తీసి స్కేలుతో గీతలు కొట్టాడు. వరస నంబరు, పని, టిక్కు, కారణం, సంతకం. నలభై వరసలు.

"ఇంతుందా?" అన్నాను.

"1989ల అగ్ని సంగతి నీకు యాదికుందా? చిన్నగుంటివి" అంటూ మొదలుపెట్టాడు. ఏప్రిల్ 20న చాందీపూర్‌లో అగ్ని ఎగరాలి. 14 సెకన్లు ఉందనగా కంప్యూటరు ఆపేసింది. మే 1న మళ్ళీ ఆగింది. పత్రికలు కార్టూన్లు వేసి ఆడిపోసుకున్నాయి. మే 22న ఎగిరింది. "ఆగిందని నవ్వినోళ్ళకు, ఆగకపోతే ఏమయితుండెనో తెల్వదు. ఒక్క గడి ఖాళీ ఉన్నా బండి కదలొద్దు. కదలాల్సిందే అంటే, ఎందుకు ఖాళీ ఉన్నదో కారణం రాయాలె. కింద జిమ్మేదార్ దస్తఖత్ పెట్టాలె. ఊకె పోతే నడవది."

కారు మా పాత వ్యాగన్ఆర్. 2013లో బాపు రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీతో కొని నా పేర పెట్టాడు. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ నంబరుతో పుట్టింది, తెలంగాణలో పెరిగింది, ఇప్పుడు అండమాన్‌లో ఏడాది దాటి ఉంటే ఏఎన్ నంబరు తగిలించుకోవాలి. అందుకు రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. దాని పని నేను చూసుకున్నాను. మిగతాదంతా బాపు చూసుకున్నాడు.

పదకొండో వరస: పెట్రోలు పావు ట్యాంకుకు మించొద్దు. పన్నెండు: బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, కొసకు టేపు చుట్టాలి. ఇరవై రెండు: ఉన్న గీతలన్నీ రాసిపెట్టాలి, రేపు కొత్త గీత పడితే తేడా తెలియాలి. దాని కింద చిన్న అక్షరాలతో ఇలా ఉంది. 'ఎడమ తలుపు, రెండించులు, చిన్నోని సైకిలు. వెనక బంపరు, సొట్ట, వీడు నేర్చుకునేటప్పుడు.' వీడంటే నేను.

సంతోష్‌నగర్ మెకానిక్ బానెట్ కిందికి వంగి బ్యాటరీ చూస్తూ, "సాబ్, గాడీ జహాజ్ మే జాతీ?" అని ఆశ్చర్యపోయాడు. ఆ వెంటనే, "బడే సాబ్ భీ జారై క్యా?" అన్నాడు.

"నై. ఘర్ కౌన్ దేఖ్తా?" అన్నాను.

బాపు స్టెప్నీ గాలి చూస్తున్నాడు. వినపడి ఉండదు.

చెన్నై దాకా ఇద్దరమే కారులో వెళ్ళాం, దాదాపు 630 కిలోమీటర్లు. యార్డులో కారును 20 అడుగుల కంటైనర్‌లోకి ఎక్కించాలి. లోపలి వెడల్పు 2.35 మీటర్లు, కారు వెడల్పు మీటరున్నర. లోపలికి నడిపిందాకా బాగానే ఉంది. దిగేటప్పుడు తలుపు సగమే తెరుచుకుంది. పొట్ట లోపలికి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి, గోడకు వీపు రాసుకుంటూ బయటపడ్డాను. నేను బయటికి రాగానే బాపు లోపలికి దూరాడు, కారు కిందికి. చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, పట్టీలతో కింద రింగులకు బిగించారు. వెనక కుడివైపు పట్టీ మీద బాపు వేలితో కొట్టి చూశాడు, తబలా కొట్టినట్టు. "ఇది పలుకుతలేదు" అన్నాడు. యార్డు కుర్రవాడు నా వంక చూశాడు. మళ్ళీ బిగించాడు. బాపు మళ్ళీ కొట్టాడు. ఈసారి పలికింది.

బీమా దగ్గర ఇంకో పాఠం అయింది. మామూలు కారు పాలసీ రోడ్డు మీద, రైల్లో, నదుల్లో, లిఫ్టులో, చివరికి విమానంలో తరలించేటప్పుడు జరిగిన నష్టానికి కూడా వర్తిస్తుంది. సముద్రం మాత్రం ఆ జాబితాలో లేదు. దానికి వేరే మెరైన్ పాలసీ కట్టాలి.

"కట్టకపోతే ఏమైతది?" అన్నాడు బాపు.

ఏజెంటు చెన్నైలో స్థిరపడ్డ నెల్లూరాయన. ఓపిగ్గా చెప్పాడు. "మీ కారుకేం కాకపోయినా మీరు డబ్బు కట్టాల్సి రావచ్చండి. ఓడ మునిగే ప్రమాదం వస్తే బరువు తగ్గించడానికి కొంత సరుకు సముద్రంలో పారేస్తారు. ఒడ్డుకు చేరిన సరుకు తాలూకు వాళ్ళందరూ, ఓడవాళ్ళతో సహా, పోయినవాడి నష్టాన్ని పంచుకోవాలి. జనరల్ యావరేజ్ అంటారండి. చాలా పాత ధర్మం."

బాపు కాసేపు మాట్లాడలేదు. "ముందుగాల దేన్ని పారేస్తరు?"

"పైనున్నదాన్నండి. చేతికందినదాన్ని."

"పారేసినదానికి గూడ లెక్క కడ్తరన్నట్టు. మంచి కానూనే" అన్నాడు బాపు. నేను పాలసీ మీద సంతకం పెట్టాను.

రైలుకు టైముందని మెరీనాకు తీసుకెళ్ళాను. బాపు చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మడిచి, నీళ్ళలో నిలబడ్డాడు. కెరటం వెనక్కి పోతూ కాళ్ళకింది ఇసుక లాగేస్తుంటే చిన్నపిల్లాడిలా వేళ్ళు ముడుచుకున్నాడు.

"సముద్రం జూసి ఎన్నేండ్లాయెనో" అన్నాడు. ఆగి, "ఆడ మీ క్వార్టర్ కాన్నుంచి కనవడ్తదారా?"

"కనిపిస్తదట."

"మంచిగుంటది" అన్నాడు.

"టైమైంది బాపూ" అన్నాను. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దునకల్లా ఇంటికొచ్చాం.

మేం బయల్దేరే రోజు బాపు లెక్కల పుస్తకంలో రాసిన కాగితాల సంగతి అడిగాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి కారు డ్యాష్‌బోర్డులో, ఆర్‌సీ నకలు కింద ఉంచానన్నాడు. "అన్నీ టిక్కు పెట్టిన. ఒక్క దస్తఖత్ నీది ఉంటది. ఆడ దిగినంక పెట్టు." సరుకు అందినట్టు నా సంతకమేమో అనుకున్నాను. కారుండే చోట నూనె మరక మాత్రం మిగిలింది. బాపు అక్కడో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, "వేళకు తినండి మామయ్యా" అంది. ఆటో డీఎంఆర్‌ఎల్ చౌరస్తా తిరిగేదాకా చిన్నోడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రం మీద 1,190 కిలోమీటర్లు. ప్రయాణికుల ఓడకు రెండున్నర రోజులు చాలు. సరుక్కి అంత తొందర ఉండదు. యార్డులో వంతు, ఓడలో వంతు, రేవులో వంతు. మూడు వారాలకు హడ్డో రేవు నుంచి కబురొచ్చింది.

కంటైనర్ దగ్గరున్నాయన నా మాట వినగానే తెలుగులోకి దిగాడు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట, ఉండేది జంగ్లీఘాట్‌లో. తలుపు తీసి, లోపల టార్చి వేసి చూశాడు. పట్టీని వేలితో కొట్టాడు. పలికింది.

"ఒక్క గీత కూడా పడలేదండి బాబూ! ఎవరో గానీ పిల్లని పంపినట్టు పంపారు."

"మా నాన్న" అన్నాను. గర్వంగానే అన్నాను.

"ఏరీ, కూడా రానేదా?"

"తర్వాతొస్తారు" అన్నాను.

ఆయన ఒక కాగితం చేతికిచ్చాడు. "ఆర్‌సీ నంబరు చూసి ఇక్కడెయ్యండి. ఏవైనా డ్యామేజీ ఉంటే ఇక్కడ రాయండి. నేకపోతే 'నిల్' అని రాసి సంతకం ఎట్టీండి."

ఆర్‌సీ నకలు కోసం డ్యాష్‌బోర్డు తెరిచాను. దాని కింద ప్లాస్టిక్ కవరు. స్కేలుతో కొట్టిన గీతలు, నలభై వరసలు, వరుసగా నీలం టిక్కులు. ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా ఒక్కటీ తప్పలేదు. ఆఖరి వరస దగ్గర టిక్కు లేదు. బాపు గుండ్రటి అక్షరాలే:

'40. సీట్లు 5. మనుషులు 4. ఖాళీ 1. కారణం:'

కారణం గడి ఖాళీగా ఉంది. పక్కన పెన్సిల్‌తో సన్నగా గీసిన చుక్కల గీత, దాని కింద 'జిమ్మేదార్ దస్తఖత్'.

"పెన్నుందా బాబూ?" అన్నాడాయన.

ఉంది. ఆయన కాగితం మీద 'నిల్' అని రాసి, సంతకం పెట్టాను.