మూకుట్లో విమానం

ఎచ్చెర్ల జంక్షన్‌లో బజ్జీల బండి పెట్టిన అప్పకి కొత్త రకం గిరాకీ తగిలింది. మొన్న సాయంత్రం ఎస్.ఎం.పురం ట్రిపుల్ ఐటీ కుర్రాడొకడు వచ్చి బజ్జీలు కాకుండా మూకుట్లో నూనె సంగతి అడిగాడు.

"మాడిన నూనె పారబోయకప్పా, దాంతో విమానాలు నడుపుతారంట."

"పారబోత్తానేటి బావూ? రేపు పునుగులికి ఎవులిత్తారు నూనె?" అంది అప్ప.

కుర్రాడు కోతలు కోయలేదు. ఇండియన్ ఆయిల్ వారి పానిపట్ రిఫైనరీకి 2025 ఆగస్టులో అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. వాడేసిన వంటనూనె నుంచి ఏడాదికి 35,000 టన్నుల విమాన ఇంధనం తీస్తామన్నారు. దాని పేరు సుస్థిర ఇంధనం. ఇక్కడి నుంచి విదేశాలకెళ్లే విమానాల్లో 2027కి నూటికి ఒక వంతు, 2028కి రెండు, 2030కి ఐదు వంతులు ఇది కలపాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మొదటి ఏడాది తక్కిన తొంభైతొమ్మిది వంతులూ పాత కిరోసిన్ సంతతే. నూరు కుండల కల్లులో ఒక కుండ మజ్జిగ పోసి, ఊళ్లో మద్యనిషేధం మొదలైందని దండోరా వేయించడం అంటే ఇదే.

నేనూ కాగితం తీసి లెక్క కట్టాను. మామూలు ఎయిర్‌బస్ ఏ320 గంట ఎగరాలంటే ఇంచుమించు 3,000 లీటర్లు తాగుతుంది. అప్ప రోజుకో లీటరు మిగిల్చి, పండక్కీ పబ్బానికీ బండి కట్టేయకుండా ఎనిమిదేళ్లు పోగేస్తే, శుద్ధిలో పోయే తరుగు లెక్కలోకి తీసుకోకుండానే, విశాఖలో లేచిన విమానం హైదరాబాదు చేరీచేరకముందే ఆ నూనె అయిపోతుంది. దిగడానికి ఇంకో మూకుడు పెట్టాలి.

ఈ నూనెల పురాణం కొత్తదేం కాదు. 2003లో ప్రణాళికా సంఘం అడవి ఆముదాన్ని నెత్తిన పెట్టుకుంది. బీడు భూముల్లో నాటండి, బండ్లు నడిచిపోతాయన్నారు. నాటిన చోట్ల చాలావరకు కాయల కంటే మీటింగులే ఎక్కువ కాశాయి. 2018 ఆగస్టులో స్పైస్‌జెట్ వారు అదే అడవి ఆముదం ఇంధనంతో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం నడిపారు. ఒక ఇంజనులో, అదీ పావు వంతు. రెండో ఇంజను మడి కట్టుకోలేదు.

ఇక పొదుపు చిట్కాలు. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ కాయ తీసేసి ఏడాదికి 40,000 డాలర్లు మిగుల్చుకుందని చెప్పుకుంటారు. అప్పట్లో దాన్ని పిసినారితనం అన్నారు. ఇప్పుడైతే పర్యావరణ నివేదికలో రంగుల ఫొటో వేసేవారు. 2009లో జపాన్‌కి చెందిన ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ మరో మెట్టెక్కింది. విమానం ఎక్కేముందు ఒంటికి, రెంటికి వెళ్లి రండి, బరువు తగ్గితే ఇంధనం తగ్గుతుందని ప్రయాణికులకు విన్నవించుకుంది. ఆ మాట మా అమ్మ ఎర్రబస్సు ఎక్కించే ప్రతిసారీ చెప్పేది. ఆమెకి ఏ సంస్థా పచ్చపతకం ఇవ్వలేదు. నేల మీద ఒకే ఇంజనుతో రన్‌వే దాకా పాకించడం ఇంకో ఘనకార్యం. పల్లంలో ఇంజను ఆపి ఆటో జార్చే మావాళ్లకి ఇదే పనికి చలానా.

కొత్త ఇంజన్లు పదిహేను శాతం దాకా తక్కువ తాగుతాయన్నది నిజం. కాదనను. అయితే 2023లో ఇండిగో ఒక్కసారే 500 విమానాలకు, ఎయిరిండియా 470కి ఆర్డర్లిచ్చాయి. ఒక్కో తాగుబోతు ఒక్కో చుక్క మానేశాడు, కల్లుపాక ముందు వరస మాత్రం జాతీయ రహదారి దాకా వచ్చింది.

ఆ పై పాపానికి ప్రాయశ్చిత్తం కూడా సిద్ధం. కోర్సియా అనే అంతర్జాతీయ పథకంలో 2027 నుంచి మన దేశమూ కట్టుబడాలి. 2019లో వదిలిన పొగలో 85 శాతం దాకా అడిగేవాడు లేడు. అది దాటినదానికి ఎక్కడో అడవి కాపాడినవాళ్ల దగ్గర క్రెడిట్లు కొనాలి. దేశంలోపల తిరిగే విమానాలకు ఆ దానమూ అక్కర్లేదు. ఈ పథకం మొదటి దశలో తొలి క్రెడిట్లు దక్షిణ అమెరికాలోని గయానా అడవులవి. గోదానం చేసినవాడు ఇక్కడ ఉంటే, ఆవు గయానాలో మేస్తుందన్నమాట.

మన జిల్లాల గొప్ప కూడా చెప్పుకోవాలిగా. పౌరవిమానయాన మంత్రి సిక్కోలు ఎంపీ, భోగాపురం విమానాశ్రయం కడుతున్న జీఎంఆర్ అధినేత రాజాం మనిషి. ఇక రన్‌వే మాత్రం మన పెరట్లో ఉండకపోతే ఎలా? 2,200 ఎకరాలు, మరడపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్లు లేచి పక్కకు జరిగాయి. పునర్వినియోగంలో మనల్ని మించినవాళ్లు లేరు. అదే విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు.

ఇదంతా బల్ల మీద కూర్చుని అప్పకి విడమరిచి చెప్పాను. కుర్రాడు మధ్యమధ్యలో సవరించాడు. అప్ప శ్రద్ధగానే వింది. క్రెడిట్ల దగ్గర మాత్రం గరిటె ఆపింది.

"అంటే పొగ ఒగ్గకుండా ఉన్నోలికి డబ్బులిత్తారా?"

"ఇస్తారప్పా."

"మా గుంటడు సెన్నపట్నం కూలికి ఎల్లినాడు. ఆమదాలవలస టేసన్లో జనరల్ బోగీలోన, దొడ్డి తలుపు కాడ నిలబడి ఎల్లినాడు. పుట్టి ఇరవయ్యేళ్లు, ఇమానం ముఖం సూడనేదు. ఆడు ఒగ్గని పొగ ఎంత అవుద్దో కట్టి సెప్పు బావూ. ఎవులు కొంటారో అడుగు."

కుర్రాడు ఫోను తీశాడు. అప్ప మళ్లీ మిరపకాయలు పిండిలో ముంచింది.