బావగారి చాట్ భండార్

ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఇలాంటి బావగారు ఒకరుంటారు. వారమంతా ఆఫీసు క్యాంటీన్‌లో ఏది పెడితే అది తింటారు. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచాక మాత్రం లుంగీ పైకి కట్టి వంటింట్లోకి దిగుతారు. ఆ పూట ఇంటిల్లిపాదికీ చాట్.

2022 జూలైలో, టైఫాయిడ్ కేసులు పెరగడానికి పానీపూరీలే కారణమని తెలంగాణ ప్రజారోగ్య సంచాలకులు హెచ్చరించారు. ఊళ్లో చాలామంది ఆ వార్త చదివి నవ్వుకుని మళ్లీ బండి దగ్గరికే వెళ్లారు. బావగారు నవ్వలేదు. వీధి చివర కుండలో మోచేతి దాకా మునిగే ఆ చేతిని తలచుకుని, ఇక అన్నీ ఇంట్లోనే అని తీర్మానించేశారు. అన్నీ అంటే వండటం ఆయనా, నానబెట్టడం, తరగడం, రుబ్బడం, కడగడం ఆవిడా.

శనివారం రాత్రే ఎండు బఠాణీలు నానాలి. అది ఆయనకు గుర్తొచ్చేది ఆవిడ పక్కమీద వాలాక.

సరుకుల్లో ఆయనకు ప్రాణం నల్ల ఉప్పు. మొదటిసారి ఆ పొట్లం విప్పినప్పుడు, విజయవాడ నుంచి వచ్చిన అత్తగారు హాల్లోంచి ముక్కు ఎగబీల్చి, "ఇంట్లో గుడ్లు ఉడుకుతున్నాయా అల్లుడుగారూ?" అన్నారు. "గుడ్లు కావండీ అత్తయ్యగారూ, గంధకం!" అన్నారాయన ఉత్సాహంగా. నిజమే, ఆ ఉప్పులో ఉండే గంధకపు లవణాల వాసనే అది. అయితే ఆ జవాబుతో ఆవిడ మనసు కుదుటపడిందని చెప్పలేం.

అసలు పరీక్ష పూరీలది. బొంబాయి రవ్వలో కాస్త మైదా కలిపి, గట్టిగా తడిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. అలా నానకపోతే అప్పడాల కర్ర కింద సాగినట్టే సాగి వెనక్కి ముడుచుకుపోతుంది. పల్చగా, అంతటా ఒకే మందంలో వత్తాలి. బాగా కాగిన నూనెలో వేసి గరిటెతో మెల్లగా అదిమితే లోపలి తడి ఆవిరై పైపొరను లేపుతుంది. ఎక్కడైనా చిన్న చిల్లు పడిందా, ఆవిరి దారి చూసుకుంటుంది. బావగారి మొదటి వాయిలో సగం పైగా అప్పడాల్లా పడుకున్నాయి. ఆయన చెక్కుచెదరలేదు. "ఇవి పాపిడీలు. సేవ్‌పూరీకి" అని వేరే పళ్లెంలో పెట్టారు. పాపిడీ పొంగకూడదని చాట్ దుకాణాల్లో పనిగట్టుకుని ఫోర్కుతో పొడిచి మరీ వేయిస్తారు. బావగారికి ఆ శ్రమ లేదు.

పచ్చ చట్నీ దగ్గర ఉపన్యాసం. మిక్సీ వేడికి కొత్తిమీర, పుదీనా నల్లబడతాయి కనుక ఐసుముక్కలు వేయాలట. నిమ్మరసం ముందే పిండితే, పులుపుకి ఆకుపచ్చ కాస్తా పాచిరంగుకు తిరుగుతుంది కనుక వడ్డించే ముందే పిండాలట. రెండూ సరైన మాటలే. మిక్సీ హోరులో ఆవిడకు ఒక్కటీ వినపడలేదు.

చుట్టాలు చేరాక తెలుస్తుంది, బండివాడి గొప్పతనం కొలతల్లో లేదని. ఆరుగురు చుట్టూ నిలబడితే ఎవరికి ఎన్నో పూరీ, ఎవరికి ఉల్లిపాయ వద్దు, ఎవరికి తీపి ఎక్కువ అన్నీ గుర్తుంచుకుని, పూరీ మెత్తబడేలోగా చేతికందించడం అతని విద్య. బావగారు రెండో రౌండ్‌కే లెక్క తప్పారు. బావమరిదికి ఎనిమిది వెళ్లాయి, మేనకోడలికి ఒకటీ రాలేదు. "మావయ్యా, బండి దగ్గరైతే చివర్లో సూఖా పూరీ ఊరికే ఇస్తారు!" అందా పిల్ల.

ఆ రభసలో అత్తగారు లేచి, పొంగని పూరీల పళ్లెం ముందుకు లాక్కున్నారు. వాటిని చేత్తో నలిపి, మరమరాలు, సన్న కారప్పూస, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, నిమ్మకాయ పిండి, "మా ఊళ్లో పిడత కింద పప్పు ఇంచుమించు ఇలాగే ఉండేది" అన్నారు. పిడతా లేదు, నిప్పులూ లేవు. అయినా ఆ సాయంత్రం గిన్నె అడుగు కనిపించింది దానిదొక్కదానిదే.

మిగిలిన పచ్చ చట్నీ సోమవారం దోసెల్లోకి పోతుంది. చింతపండు, ఖర్జూరం, బెల్లం, శొంఠి వేసి ఉడికించిన తీపి చట్నీ అలా కాదు, ఫ్రిజ్‌లో వారాల తరబడి నిలవుంటుంది. బావగారు దాన్ని సీసాకెత్తి, తేదీ రాసి చీటీ అంటించి, అది వృథా కాకుండా వచ్చే ఆదివారం దహీవడ అని ప్రకటించారు. అత్తగారు కూతుర్ని పక్కకు పిలిచి, శనివారం రైలుకి టికెట్టు దొరుకుతుందేమో చూడమన్నారు.