తోక ఏదైతేనేం? ఫ్రేజల్ వెర్బులకు దగ్గరి దారి

గెట్, పుట్, టేక్, లుక్ మీకు ఒకటో తరగతిలోనే వచ్చేశాయి. అప్, డౌన్, ఇన్, అవుట్ లిఫ్టు దగ్గరా పార్కింగు దగ్గరా నేర్చుకున్నారు. ఇక ఫ్రేజల్ వెర్బుల్లో నేర్చుకోవడానికి మిగిలిందేముంది? కింది చిట్కాలు పాటించండి, పుస్తకం ముట్టక్కర్లేదు.

1. డిక్షనరీ జోలికి పోకండి. క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చేసే ఈ పద్ధతి విదేశీయులకు మహా కష్టమని 1755లోనే శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో రాశాడు. అంతటి పెద్దాయన మినహాయింపు ఇచ్చాక కూడా కష్టపడితే ఆయన మాట కాదన్నట్టే. ఎవరైనా నిలదీస్తే జాన్సన్ పేరు చెప్పండి. చదవక్కర్లేదు, పేరు చాలు.

2. మాటను రెండుగా విరిచి అర్థాలు కూడండి. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. సిగరెట్లు గివ్ అప్ చెయ్యమని డాక్టరు అంటే పెట్టెను అటక మీదికి అందించండి. మాటిమాటికీ స్టూలు ఎక్కడం ఇబ్బంది కాబట్టి కింది అరలో ఇంకో పెట్టె ఉంచుకోండి.

3. తోక ఏది దొరికితే అది తగిలించండి. గోడౌన్‌లో మంటలు లేచాయి, ఆర్పేశారు. బీమా కంపెనీకి ఉత్తరం రాసే పని మీ మీద పడింది. ఆర్పడాన్ని పుట్ అవుట్ అనాలని పక్క సీటాయన గొణుగుతాడు, వినకండి. ఇంగ్లిష్‌లో ఆఫ్‌కూ మూడు అక్షరాలే కదా! ‘వి పుట్ ఆఫ్ ద ఫైర్’ అని టైపు చేసి, బాస్ క్యారియర్ విప్పుతున్నప్పుడు సంతకం పెట్టించండి. మంటల్ని వాయిదా వేశామని చదువుకున్న సర్వేయరు, మళ్లీ ఎప్పటికి పెట్టుకున్నారో కనుక్కోవడానికి స్వయంగా వస్తాడు. మంచి రోజు చూసి చెబుతామనండి. క్లెయిము రాకపోవచ్చు. కానీ ఇన్నేళ్లలో మీ ఇంగ్లిష్ చదివి ఇంత దూరం వచ్చిన మనిషి ఇంకొకడున్నాడా?

4. ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చుకోండి. లుక్ ఓవర్ అంటే ఒకసారి చూడటం, ఓవర్‌లుక్ అంటే చూడకుండా వదిలెయ్యడం. ‘మీ లెక్కలన్నీ ఓవర్‌లుక్ చేశాను’ అని ఆడిటరుకు ధైర్యంగా రాయండి. నిజమే కదా. ఓవర్‌సైట్ ఇంకా మంచి మాట. పర్యవేక్షణా అదే, చూసుకోకపోవడమూ అదే. మీరు చేసేది రెండోది, జీతం మొదటిదానికి.

5. పాస్ అవుట్‌ను విచ్చలవిడిగా వాడండి. మన దగ్గర డిగ్రీ పూర్తవడం, తెల్లవాళ్ల దగ్గర సాధారణంగా స్పృహ తప్పడం. బయోడేటాలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని రాసి అమెరికా పంపండి. ఇంకా తేరుకున్నారో లేదోనని వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచి శ్రమ పెట్టరు. తాతగారు పోయినప్పుడు పాస్డ్ అవే అని రాయకండి, అది ఒక్కసారికే పనికొస్తుంది. పాస్డ్ అవుట్ అనే రాయండి. ఏ కాలేజీ అని మేనేజరు అడిగితే వయోజన విద్య అనండి. కాగితం మీద తాతగారు క్షేమం కాబట్టి సంక్రాంతి సెలవుకు మళ్లీ అక్కరకొస్తారు.

6. దొరికిపోతే తలొంచకండి. ‘ఫారం ఫిల్ ఇన్ చేసినా ఫిల్ అవుట్ చేసినా ఒకటేగా సార్, మిగతావి మాత్రం ఎందుకు వేరు కావాలి?’ అని ఎదురు ప్రశ్న వెయ్యండి. అప్పటికీ వదలకపోతే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల 1989 నాటి పెద్ద నిఘంటువు ప్రయోగించండి. అందులో సెట్ అనే ఒక్క క్రియకే 430 అర్థాలు. అన్నిట్లో మీరు వాడింది ఒక్కటి ఉండకపోతుందా? వెతికే పని ఆయనకు అప్పజెప్పి టీకి వెళ్లిపోండి.

7. ఇంత నైపుణ్యం వచ్చాక ఉద్యోగం ఎలాగూ ఉండదు. అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు కట్టండి. ఫీజు మొత్తం ముందే వసూలు చెయ్యండి. ఎవరైనా డౌటు అడిగితే అదే వాళ్లకు హోంవర్కుగా ఇవ్వండి.