రహీం సారు జట్టు మనదే

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు అంటే ఇప్పటి పిల్లలు తెల్లమొగం వేస్తారు. "పోలీసోళ్లకు ఫుట్‌బాల్ ఏంది జేజినాయనా?" అని నా మనవడే అడిగినాడు. వాని గది గోడ మీద మెస్సీ బొమ్మ ఉంది, రొనాల్డో బొమ్మ ఉంది. ఉండనీ, మంచి ఆటగాళ్లే. కానీ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎవరికీ వదలకుండా గెల్చుకొచ్చిన జట్టు మన తుంగభద్ర అవతలిదేనని, ఆ జట్టును తయారుచేసినాయన ఒక బడిపంతులని వానికి ఎవరూ చెప్పలేదు. బడిలో చెప్పలేదు, టీవీలో చెప్పలేదు. నాకు కడుపుమంట అక్కడే.

కర్నూలోళ్లకు హైదరాబాదు జట్టు మీద అంత ప్రేమ ఏందని కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన నా తోటి పంతుళ్లు అడిగేవాళ్లు. తుంగభద్రకు ఇవతల మేము, అవతల నిజాం రాజ్యం. 1953 అక్టోబరు 1న మా ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కూడా ఏరు దాటితే అలంపురం వేరే రాష్ట్రమే. అయినా పెండ్లిండ్లకూ, ఉర్సులకూ, వ్యాపారాలకూ రాకపోకలు ఏనాడూ ఆగలేదు. మా పాత ఊర్లో చాలా ఇండ్లకు హైదరాబాదులో ఒక మేనమామో చిన్నాయనో ఉండేవాళ్లు. మీటరు గేజి రైల్లో వాళ్లు సెలవులకు దిగినారంటే మొదట అడిగేది మ్యాచ్ సంగతే. నూర్ మహమ్మద్ ఎట్లా ఆడినాడు? అజీజుద్దీన్ ఎవరిని ఆపినాడు? మా నాయన అన్నం ముందర కూర్చొని కూడా అవే అడిగేవాడు.

1956లో రెండు రాష్ట్రాలూ కలిసినాక ఆ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. 1961లో ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెల్చింది ఆ పేరు మీదే. అప్పటి నుంచి మేము ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. జట్టు మాదే.

ఆ జట్టు గురించి మాట్లాడాలంటే ముందు సయ్యద్ అబ్దుల్ రహీం సారు గురించి మాట్లాడాల. 1909లో హైదరాబాదులో పుట్టినారు, కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పినారు. కన్ను మూసేదాకా పోలీసు జట్టుకు ఆయనే గురువు. నేనూ పంతులునే గనక ఆయన పద్ధతిలో గొప్పతనం ఏందో నాకు బాగా తెలుస్తుంది. పిల్లలకు పోటీలు పెట్టి, అందులో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒంటరిగా పోకూడదని నియమం పెట్టేవారు. బంతి వచ్చిందా, వెంటనే తోటివానికి ఇచ్చెయ్యాల. కుడికాలి వానితో ఎడమకాలి ఆట ఆడించేవారు. గొప్ప కోసం ఆడేవాడు ఆ పోటీలో నిలబడలేడు. చదువు చెప్పడం తెలిసినోడికే ఇట్లాంటివి తోస్తాయి. నా సర్వీసులో ఎన్ని ట్రైనింగు క్లాసులకు పోయినానో, అంత సూటిగా ఒక విషయం నేర్పే ఉపాయం ఎక్కడా చూడలేదు.

ఆ పంతులు చేతికే దేశం జట్టును ఇచ్చినారు. 1951లో ఢిల్లీ ఏషియన్ క్రీడల్లో బంగారు పతకం. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు పోయినాము, నాలుగో స్థానంలో నిలిచినాము. ఆ జట్టులో మన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ ఉన్నారు. హైదరాబాదు గల్లీల్లో ఆడుకున్నోళ్లు ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడినారు. ఈ మాట చెప్తే మనవడు నమ్మలేదు. ఫోన్‌లో వెతికి చూసుకున్నాక గానీ నోరు మూయలేదు.

ఇంక 1962 జకార్తా ఏషియన్ క్రీడలు. సారుకు అప్పటికే క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లో మనలను 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో ఎదురైంది. స్టేడియంలో లక్షమంది జనం, అందరూ మనకు వ్యతిరేకం. వెనుక కాపలా కాసే జర్నైల్ సింగ్‌కు తలకు కుట్లు పడి ఉంటే, సారు ఆయనను ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించినారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగే ఇంకో గోలు. 2-1తో గెల్చినాము. మన బలరామ్, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. మరుసటి ఏడు జూన్ 11న సారు పోయినారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏషియన్ క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ బంగారు పతకం మళ్లీ రాలేదు. అరవై ఏండ్లు దాటింది!

సాయంత్రం పూట కొండారెడ్డి బురుజు దగ్గర టీ అంగడి ముందర మా వయసోళ్లం కూడుతాము. ఆర్టీసీలో చేసి రిటైరైన భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయనకూ నాకూ తగువు ఎప్పుడూ ఒకటే: బలరామ్ గొప్పా, హబీబ్ గొప్పా?

"నువ్వు బలరామ్ ఆట కండ్లారా చూసినావా సారూ?" అంటాడు.

"చూడలేదు భాయ్. మా నాయన చూసినాడు."

"నేను హబీబ్‌ను చూసినా. ఇంక నాకు చెప్పొద్దు."

నేను మాత్రం బలరామ్ పక్షమే. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టినాడు. రహీం సారు కంట పడే నాటికి కాళ్లకు బూట్లు లేవు. పోలీసోళ్లు పారేసిన పాత బూట్లతో మోచీ చేత ఒక జత కుట్టించుకొని ఎంపికకు పోయినాడు. అంత దూరం రోజూ రావడానికి సైకిలు బాడుగ సారే ఇచ్చినారు. ఆ పిల్లోడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టినాడు, పెరూ మీదా కొట్టినాడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో దేవుడన్నారు. ఊపిరితిత్తుల జబ్బు పట్టి ముప్పై నిండకముందే ఆట మానాల్సి వచ్చింది. అర్జున అవార్డు ఇచ్చినారు గానీ పద్మశ్రీ ఇవ్వలేదు, ఆ బాధ ఆయనకు చివరిదాకా ఉండింది. 2023 ఫిబ్రవరిలో బెంగాలులోనే పోయినాడు. మన గడ్డ మీద పుట్టినోడు మనకు దూరంగా పోయినాడు. ఆ వార్త మన పేపర్లలో ఎంత చిన్నగా వచ్చిందో చూసి నేను ఆ రోజు సరిగా అన్నం తినలేదు.

భాయ్ మాటా కొట్టిపారేసేది కాదు. మహమ్మద్ హబీబ్ నా ఈడువాడు, 1949లో పుట్టినాడు. 1965-66లో మన రాష్ట్రం బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెల్చినప్పుడు ఆ జట్టులో ఉన్న పిల్లోడు. అప్పుడు మా బడి అంతా పండగ చేసుకుంది. ఆ తర్వాత కలకత్తా పోయి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడినాడు, అక్కడోళ్లు 'బడే మియా' అని పిల్చుకున్నారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ క్రీడల్లో మనకు కంచు పతకం వచ్చింది, కెప్టెన్ మన నయీముద్దీన్, ముందు వరసలో హబీబ్. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినాడు. మోహన్ బగాన్ 2-2తో నిలిచింది, అందులో ఒక గోలు హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ తక్కువోడా? అంతకు ముందు ఏడు ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన పదిహేడో సెకనులోనే గోలు కొట్టినాడు. హబీబ్ 2023 ఆగస్టు 15న పోయినాడు. ఒకే ఏడాదిలో ఇద్దరూ పోయినారు. ఆ ఏడు మా తగువు ఆగిపోయింది. ఇద్దరి పేరూ చెప్పుకొని ఊరకున్నాము.

షబ్బీర్ అలీ గురించి కూడా చెప్పాల. 1974లో ఆసియా యూత్ పోటీల్లో ఇరాన్‌తో సమంగా కప్పు పంచుకున్న మన జట్టుకు ఆయనే కెప్టెన్. అదే ఊరు, అవే మైదానాలు.

వాళ్లను చూసే మేమూ ఆడినాము. కర్నూల్లో ఎండాకాలం హంద్రీ ఎండిపోతే ఆ ఇసకే మాకు మైదానం. కాళ్లు కూరుకుపోతాయి, పరుగు రాదు, అందుకే బంతిని తొందరగా పక్కవానికి ఇచ్చేవాళ్లం. తర్వాత నేను కడపలో పనిచేసినప్పుడు అక్కడి పిల్లలు గులకరాళ్ల నేల మీద ఉత్త కాళ్లతో ఆడేవాళ్లు. మోకాళ్లు చెక్కుకుపోతే పసుపు అద్దుకొని మళ్లీ దిగేవాళ్లు. హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు, మిషను బడి పిల్లలు, అందరూ ఒకే బంతి వెంబడి పడేవాళ్లు. సాయంత్రం బడి వదిలినాక డ్రిల్లు మాస్టరు ఉండేవాడు, బంతి బడిదే. రూపాయి అడిగినోడు లేడు.

ఇప్పుడు ఏముంది? చుట్టూ వల కట్టి, కింద పచ్చ ప్లాస్టిక్ పరిచి, గంటకు ఇంతని వసూలు చేసే టర్ఫులు వచ్చినాయి. డబ్బున్న పిల్లలు రాత్రి లైట్ల కింద ఆడతారు. కూలిచేసేవాని కొడుకు వల బయట నిలబడి చూస్తాడు. బలరామ్ ఇప్పుడు పుట్టి ఉంటే ఆ వల బయటే నిలబడేవాడు. సర్కారు బడులకు మైదానాలు లేక కాదు, చాలావాటికి ఉన్నాయి. గేటుకు తాళం. లోపల కంపచెట్లు. ప్రైవేటు బడుల్లో చాలావాటికి మైదానమే లేదు, మూడంతస్తుల మేడ, మెట్ల మీద ప్రార్థన.

ఆట పోవడానికి కారణం తాళం ఒక్కటే కాదు. అప్పుడు బాగా ఆడే పిల్లోనికి పోలీసులో ఉద్యోగం దొరికేది, రైల్వేలో, బ్యాంకులో దొరికేది. తల్లిదండ్రులకు ధైర్యం ఉండేది. శాఖలు ఆటగాళ్లను తీసుకోవడం తగ్గించినాయి. ఉన్న మేలైనోళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయినాయి. రహీం సారు తర్వాత అట్లా కూర్చొని పిల్లలను దిద్దినోడు మళ్లీ రాలేదు. తూము దగ్గర నీళ్లు కట్టేస్తే కింది మడి ఎండుతుంది గదా, అట్లా బడి ఆట పోయింది, దాని వెనకే పోలీసు జట్టు పోయింది, దాని వెనకే దేశం జట్టు దిగజారింది. ప్రతిభ లేదని చెప్పేవాళ్లను నేను నమ్మను.

2019లో హైదరాబాదు ఎఫ్‌సీ అని క్లబ్బు పెట్టినప్పుడు మేము నిజంగా సంతోషించినాము. 2022లో గోవాలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెల్చినప్పుడు టీ అంగడి ముందర లడ్లు పంచుకున్నాము. ఆ జట్టులో మన ఊర్ల పిల్లల పేర్లు వెతుక్కోవాల్సి వచ్చిందే అని గుచ్చుకున్నా, పైకి అనలేదు. 2025లో ఆ క్లబ్బునే ఢిల్లీకి తీసుకుపోయి పేరు మార్చినారు. మా కాలంలో జట్టు ఊరిది. యజమాని మారితే ఊరు మారిపోయే జట్టును నేను జట్టు అనను.

2024లో రహీం సారు మీద మైదాన్ అని హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్ సారు వేషం కట్టినాడు. మనవనితో కూర్చొని చూసినా. సినిమా అయినాక వాడు అడిగిన మొదటి ప్రశ్న: "ఈయన మనోడా?" అవును, మనోడే. ఆయన గురించి తెలుగు పిల్లోడు బొంబాయి సినిమా చూసి తెలుసుకోవాల్సి రావడం మనం చేసుకున్న అన్యాయం.

అన్నీ చెడినాయని అనను. పక్క జిల్లా అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్‌డీటీ సంస్థ మైదానాలు వేసి, పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ నేర్పించింది. మన కరువు నేలలోనే, మన పిల్లలతోనే. అక్కడ జరిగింది కర్నూల్లో, కడపలో ఎందుకు జరగదు?

మునిసిపాలిటీ పెద్దలకు, హెడ్మాస్టర్లకు, పిల్లల తల్లిదండ్రులకు నేను అడిగేది కోట్ల స్టేడియం కాదు. బడి వదిలినాక రెండు గంటలు గేటు తాళం తీసిపెట్టండి. కంపచెట్లు కొట్టించండి, రెండు బంతులు కొనిపెట్టండి, కనిపెట్టుకొని ఉండడానికి ఒక మాస్టరును నిలబెట్టండి. మాస్టరు దొరకకపోతే మా టీ అంగడి దగ్గరికి రండి, నేను వస్తా, భాయ్ కూడా వస్తాడు.