చేతి ఆనవాలు దొరకకుంట బతుకుడెట్ల?

కొండగట్టు అంజన్న దగ్గరికి పోవాలనుకుంటున్నరా? అయితే ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ్రి. పాతోళ్లు తెల్లారకముందే లేచి, సద్దిగట్టుకొని ఎర్రబస్సెక్కి వచ్చి, గుట్ట కింద చెట్టు నీడకు మూడు రాళ్లు వెట్టి వండుకునేటోళ్లు. పాణం బాగుకావాలని నలభై రోజులు గుట్ట మీదనే ఉన్నోళ్లయితే సంసారమే అక్కడ వెట్టిండ్రు. ఎంత దండుగ! మీరు కరీంనగర్-జగిత్యాల రోడ్డు మీద ఏదో ఒక దాబా ముంగట కారు ఆపుండ్రి. ప్లేటు రాంగనే ఫోటో తీసి, స్టేటస్ పెట్టి, చల్లారినంక తినుండ్రి. ఎట్లుందని ఎవలన్న అడిగితే "సూపర్" అనుండ్రి. మాట ఎక్కువ ఖర్చు కావొద్దు.

సర్వపిండి జోలికి అసలే పోవద్దు. బియ్యప్పిండిల నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కారం కలిపి, గంజు లోపట అంచుల దాక అద్ది, వేలితోని బొక్కలు వొడిచి, ఒక్కో బొక్కల నూనె చుక్క పోసి మూత పెట్టాలె. రెండోది అద్దాలంటే కాలిన గంజును మళ్ల నీళ్లల్ల చల్లార్చాలె, లేకుంటే వేళ్లు చుర్రుమంటయి. ఇంత లొల్లి ఎందుకు? వీడియో చూడుండ్రి, చాలు.

సకినాలు ఇంకా ప్రమాదం. సంక్రాంతి ముంగట తెల్లబట్ట పరిచి అయిదారుగురు ఆడోళ్లు చుట్టూ కూసుంటే, చిన్నమ్మ చుట్టు సన్నం, మేనత్త చుట్టు వదులు. కొరకకముందే ఎవలు చుట్టిందో దొరికిపోతది, చేతిరాత లెక్క. అంగట్ల కిలోలెక్కన తెచ్చుకోండ్రి. అవి ఎవలు చుట్టిండ్రో అంజన్నకు గూడ తెల్వదు.

ఇగ రాత సంగతి. ఒకప్పుడు మన జగిత్యాల, కరీంనగర్ దిక్కు ఊర్ల నుంచి దుబాయి, మస్కట్ పోయినోళ్లకు ఉత్తరాలు పోయేటియి. సదువురాని ఇల్లాలు బడికి పోయే పిలగాణ్ణి కూసోవెట్టుకొని చెప్పేది. బర్రె ఈనింది, బోరు ఎండింది, పిల్లకు పండ్లొచ్చినయని కాయితం నిండేది. అసలు మాట, "ఎప్పుడొస్తవు" అన్నది, జాగ లేక మడత అంచు మీద అడ్డంగ ఇరికేది. కొందరు టేపురికార్డర్ల మాట్లాడి క్యాసెట్టే పంపేటోళ్లు. మీకు ఆ తిప్పలు లేవు. వీడియో కాల్ చెయ్యుండ్రి. "తిన్నవా?" "ఆఁ, తిన్న." అంతే, కట్ చెయ్యుండ్రి. ఏం తిన్నవని మాత్రం అడగకుండ్రి. కూర పేరొస్తది, కూర వెంబడి ఇల్లు యాదికొస్తది, ఇగ మాట తెగది.

పండుగలకు ఎవలో రాసిన శుభాకాంక్షలు ముందుకు తోసుండ్రి. చావుకు పోయేది పుట్టినరోజుకు, పుట్టినరోజుది చావుకు పోకుంట చూసుకుంటే చాలు, ఈ కళల అంతకుమించిన జాగ్రత్త లేదు. సొంతంగ రాయబుద్ధయితే ఆపుకోండ్రి. చలం 'ప్రేమలేఖలు' రాసిపెట్టిండు, గోపీచంద్ 'పోస్టు చెయ్యని ఉత్తరాలు' రాసిపెట్టిండు, ఇప్పుడైతే అడిగితే ఫోనే రాసిస్తది. మళ్ల మీరెందుకు?

ఇంట్ల అవ్వ రామకోటి రాస్తున్నదా? అంజన్న భక్తురాలు, మాన్పియ్యలేరు. కని ఆ పుస్తకం వెనక పేజీలు ఒకసారి తిప్పుండ్రి. మామిడికాయ తొక్కుకు ఉప్పెంత, కారమెంత, ఎవలింటికి ఎన్ని గిన్నెలిచ్చింది, ఎవలు తిరిగియ్యలేదు అని వంకర అక్షరాలతోని రాసి ఉంటది. ఇంట్ల మిగిలిన చేతిరాత, ఇంట్ల మిగిలిన వంట రెండూ ఒక్క తానే దొరుకుతయన్నట్టు. చూసినట్టు చెప్పకుండ్రి. చెప్తే అవ్వ కూసోవెట్టి అంతా నేర్పుతది, మీ ఆదివారం పాయె.

టెలిగ్రాం 2013 జులైల పాయె, మంచిదే. పోస్టుకార్డు మొండిది. మన దేశానికి 1879ల వచ్చింది, ఇంకా 50 పైసలకే అమ్ముతున్నరు. కొనకుండ్రి. కొంటే దాని మీద ఏదన్న రాయాలె.