ఫిట్టర్ లేని ఊరు

"స్టీమ్ వర్క్‌షాప్ నుంచి తెచ్చాను నాన్నా" అన్నాను. మా పేట ఖరిదాలో అనకూడని మాట అది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేసిన మనిషి పేపరు దించి నన్ను ఎగాదిగా చూశాడు.

"స్టీమ్ ఎప్పుడో పోనాది కదరా. ఇంకా ఏటి తెస్తన్నావు?"

నేను చెప్పింది కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే సైటు గురించి. అందులో ప్రాజెక్ట్ జాంబాయిడ్ అని ఒక ఆట ఉంది. 1993 జూలై, అమెరికాలో కెంటకీ. శవాలు లేచి తిరుగుతుంటాయి. మనం కిటికీలకు చెక్కలు కొట్టుకుని, డబ్బా తిండి తింటూ రోజులు నెట్టాలి. ఆ గుంపు నడక నాకేం కొత్త కాదు. 1072 మీటర్ల మా ప్లాట్‌ఫారం మీద రాత్రిపూట హౌరా లోకల్ దిగే జనాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి.

పదకొండోసారి చచ్చాక రోషమొచ్చి మోడ్ మెనూ కోసం వెతికాను. మోడ్ అంటే ఆటను మార్చడానికి ఆటగాళ్లే రాసుకునే జోడింపు. అది ఉంటే దెబ్బ తగలదు, ఆకలేయదు, వడ్రంగం రానివాడు క్షణంలో మేస్త్రీ అయిపోతాడు. మొదట దొరికింది ఊరూ పేరూ లేని సైటులో. ఎక్కించేముందు యాంటీవైరస్ ఆపెయ్యమంది. యాంటీవైరస్ అంటే ఏమిటో నాన్న చెప్పించుకుని విన్నాడు.

"కాపలావోడిని పంపీసి తలుపు తియ్యమన్నోడు సుట్టమేట్రా?"

నిజమే. ఈ ఆట మోడ్‌లు చాలామటుకు లూవా భాషలో రాసిన ఫైళ్లు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. వాటికోసం ఎవడో ఇచ్చిన ఈఎక్స్‌ఈ ప్రోగ్రాం నడపాల్సిన అవసరమే లేదు. అందుకే మోడ్‌లు పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్‌కి పోయాను.

అక్కడితో బుద్ధి రాలేదు. ఆట మధ్యలో ఒక మ్యాప్ మోడ్ తీసేశాను. మూడు వారాలు కష్టపడి కట్టుకున్న ఇల్లు మళ్లీ తెరుచుకుంటే ఒట్టు.

"విప్పీముందు సుద్దముక్కతో గుర్తెట్టుకోవాలని తెలీదూ?" అన్నాడు నాన్న, నేనేదో బోగీ చక్రం పారేసినట్టు. అప్పట్నుంచి మెనూ ముట్టుకునేముందు జాంబాయిడ్ ఫోల్డర్‌లోని సేవ్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను. గ్యాస్ కట్టేశావా అని అమ్మ అడిగినట్టే, "కాపీ తీసేవా?" అని రోజూ రాత్రి నాన్న అడుగుతాడు. పరాయి సర్వర్లో మాత్రం మెనూ తెరవను. పక్కోడి పెళ్లిలో వడ్డనకి దిగి లడ్డూలన్నీ మన విస్తట్లోనే వేసుకుంటే గెంటేస్తారు మరి.

ఈ ఆటలో జనరేటర్ కలపాలంటే ముందు దాని గురించి ఒక పత్రిక సంపాదించి చదవాలి. మెనూ ఉంటే చదవక్కర్లేదని గొప్పగా చెప్పాను.

"దొంగ సర్టిఫికెట్టన్నమాట" అని నాన్న పేపరు ఎత్తుకున్నాడు.

నిన్న గోల్‌బజార్ నుంచి వచ్చేసరికి ఆ పెద్దమనిషే నా కుర్చీలో ఉన్నాడు. కళ్లజోడు ముక్కు చివర, వేలు స్క్రీన్ మీద. మెనూలో పనుల జాబితా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదువుతున్నాడు.

"వడ్రంగి ఉన్నాడు, మెకానిక్కున్నాడు, వెల్డరున్నాడు, ఆఖరికి వంటోడూ ఉన్నాడు. ఫిట్టర్ లేడేట్రా?"

"లేడు నాన్నా."

"మరి ఊరు దెయ్యాలపాలవదేటి!"